పల్లంలో కట్టిన ప్లాంటు

అందరికీ నమస్కారం. మురుగునీటి గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారనుకోలేదు.

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో, వల్టావా నది ఒడ్డున, బుబెనెచ్ అనే చోట ఒక పాత మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. 1906లో మొదలై 1967లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం. ఇటుక గోడలు, రెండు పొడవాటి పొగగొట్టాలు. మురుగు కోసం కట్టారంటే ఎవరూ నమ్మరు. లోపలి ఆవిరి యంత్రాల్ని ఇప్పటికీ కొన్ని రోజుల్లో నడిపి చూపిస్తారు. వచ్చినవాళ్లంతా వాటికే ఫోటోలు తీసుకుంటారు. నన్నడిగితే, చూడాల్సింది ఆ నీళ్లు బయటికి వెళ్లిన దారి.

దీన్ని డిజైన్ చేసింది విలియం హీర్లైన్ లిండ్లీ అనే ఇంజనీరు. నీరు పల్లమెరుగు అంటాం కదా, ఆయన లెక్క కూడా అదే. నగరానికి దిగువన, పల్లంలో చోటు చూశాడు. మురుగు తనంతట తానే పారుతూ వచ్చేది. జాలీల దగ్గర చెత్త ఆగేది, ఆపైన ఇసుక దిగేది, తర్వాత భూమి కింద పది ట్యాంకుల్లో మెల్లగా కదులుతూ బురద అడుక్కి చేరేది. పైన తేరిన నీటిని నదిలోకి వదిలేవాళ్లు. నది పొంగితే నీళ్లు బయటికి పోవు కాబట్టి, అప్పుడు ఆవిరి పంపులు తోడేవి. బురద పక్కనున్న సిసార్‌స్కీ దీవికి చేరేది. ఆరాక రైతులు ఎరువుగా పట్టుకెళ్లేవాళ్లు.

అంతా బాగానే ఉంది. కానీ అడుక్కి దిగేది మాత్రమే ఇక్కడ ఆగింది. నీళ్లలో కరిగిపోయిన మలినం అలాగే వెళ్లిపోయింది. నదిలో బ్యాక్టీరియా దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది, చేపలకు ఊపిరాడదు. అంటే మిగతా సగం పని నదితో చేయించారు, కూలి ఇవ్వకుండా. లిండ్లీని తప్పుపట్టలేం. బ్యాక్టీరియాను ట్యాంకులోనే పెంచి మురుగును తినిపించే పద్ధతిని మాంచెస్టర్‌లో 1914లో గానీ ప్రకటించలేదు. ఈలోగా ఊరు పెరిగింది. 1960ల నాటికి ప్రాగ్ జనాభా పది లక్షలు దాటింది. ట్యాంకులు మాత్రం అవే పది.

ఇక దిగువకు వెళదాం. వల్టావా మ్యెల్నిక్ అనే ఊరి దగ్గర ఎల్బే నదిలో కలుస్తుంది. అక్కడ వల్టావాయే ఎక్కువ నీళ్లు తెస్తుంది, పేరు మాత్రం ఎల్బేకి పోయింది! ఎల్బే జర్మనీలోకి వెళ్లి డ్రెస్డెన్, మాగ్డెబర్గ్ దాటి హాంబర్గ్ చేరుతుంది. హాంబర్గ్‌కి భూగర్భ డ్రైనేజీ వేసింది ఈ లిండ్లీ తండ్రే. అయినా 1892లో అక్కడ కలరాతో 8,000 మందికి పైగా చనిపోయారు. ఎల్బే నీటిని వడపోయకుండా తాగడమే కారణం. దాని పక్కనే, ఇంకా దిగువనున్న ఆల్టోనాలో ఇసుక ఫిల్టర్లు ఉన్నాయి, అక్కడ చావులు చాలా తక్కువ. డ్రైనేజీ ఉంటే సరిపోదని తండ్రి ఊరే చూపించింది.

ఎల్బేను కాపాడటం కోసం దేశాలు కలిసి కమిషన్ పెట్టుకున్నది 1990లో. అప్పటికి బుబెనెచ్ మూతపడి 23 ఏళ్లు. దాని బదులు కట్టిన కొత్త ప్లాంటు సిసార్‌స్కీ దీవి మీదే ఉంది. బురద ఆరబెట్టిన దీవే. 2002 ఆగస్టు వరదలో అది మునిగిపోయింది, మురుగు శుద్ధి లేకుండానే నదిలోకి వెళ్లింది. పల్లంలో కడితే మురుగు సులువుగా వస్తుంది, వరద కూడా అంతే సులువుగా వస్తుంది. 2018లో అదే దీవి మీద మరో కొత్త విభాగం మొదలుపెట్టారు.

మీరు మూసీ గురించి అడుగుతారని తెలుసు. అందుకే తర్వాతి మ్యాప్‌ను నగరం దగ్గర ఆపలేదు, కృష్ణలో కలిసే వాడపల్లి దాకా గీశాను. లైట్లు కాస్త తగ్గిస్తారా?