డ్యాము ఎవరిది, తనిఖీ ఎవరిది?

వ్యాఖ్యాత: నమస్కారం. పాత డ్యాముల భద్రతను ప్రభుత్వం ఎలా చూస్తోందో ఈ భాగంలో మాట్లాడుకుందాం. నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. సార్, దేశంలో వందేళ్లు దాటిన పెద్ద డ్యాములే 200కు పైగా ఉన్నాయి. భయపడాలా?

ఇంజినీరు: వయసు చూసే భయపడాలంటే మేడిగడ్డ సంగతి ఏమంటారమ్మా? ఆ బ్యారేజీని 2019లో ప్రారంభించారు, 2023 అక్టోబరులో దాని పియర్లు, అంటే గేట్ల మధ్య నిలబడే స్తంభాలు, కుంగాయి. పాత డ్యాము అనగానే నేను మొదట అడిగేది దాని వయసు కాదు. ఎంత వరదను తట్టుకునేలా కట్టారని అడుగుతాను.

వ్యాఖ్యాత: ఆ లెక్క కట్టేటప్పుడే వేస్తారు కదా?

ఇంజినీరు: వేస్తారు. అయితే అప్పటికి చేతిలో ఉన్న వర్షపాతం వివరాలను బట్టే వేయగలరు. కడెం ప్రాజెక్టునే తీసుకోండి. 1958లో ఒకసారి నీళ్లు పైనుంచి పొర్లి కట్ట తెగింది. మళ్లీ 2022 జులైలో, గేట్లన్నీ ఎత్తినా పంపగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులైతే, 5 లక్షలకు పైగా వచ్చిపడింది. ఆ రోజు నిలబడింది, సరే. 1979 ఆగస్టులో గుజరాత్‌లో మచ్చు-2 డ్యాము నిలబడలేదు. స్పిల్‌వే, అంటే మిగులు నీటిని కిందికి వదిలే దారి, పంపలేనంత వరద వచ్చి మట్టికట్ట మీదుగా పొర్లింది. మోర్బీ పట్టణం మునిగిపోయింది, వేల మంది చనిపోయారు. అప్పటికి అది పాత డ్యాము కానే కాదు. శ్రీశైలానికి 2009లో డిజైన్‌కు మించి, దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చినా తట్టుకుంది, అది మట్టికట్ట కాదు కనుక. మట్టికట్టకు ఆ వెసులుబాటు ఉండదు. నీరు పైనుంచి దిగడం మొదలైతే కట్టను కోసుకుంటూ పోతుంది.

వ్యాఖ్యాత: తుంగభద్రలో వరదతో సంబంధం లేకుండానే గేటు పోయింది కదా?

ఇంజినీరు: అవును, 2024 ఆగస్టు 10 రాత్రి. పందొమ్మిదో గేటు గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది. డ్యాముకు డెబ్బై ఏళ్లు, కట్టడానికి మాత్రం ఏమీ కాలేదు. నన్ను బాధపెట్టింది మరొకటి. గేటు పాడైతే దాని ముందు దించి నీళ్లు ఆపే స్టాప్‌లాగ్ ఏర్పాటు అక్కడ లేదు. పారే నీటిలోనే ఉక్కు పలకలు దించవలసి వచ్చింది. ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కాని అది సాహసంతో చేయవలసిన పని కాదు.

వ్యాఖ్యాత: ఇవన్నీ చూడటానికేగా డ్యాం భద్రతా చట్టం వచ్చింది?

ఇంజినీరు: వచ్చిన వేళ కూడా గుర్తుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య డ్యాము మట్టికట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. డిసెంబరు 2న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించింది. లోక్‌సభ 2019లోనే ఆమోదించి ఉంది! చట్టం 15 మీటర్లకు మించిన డ్యాములన్నింటికీ, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటినవాటికీ వర్తిస్తుంది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి.

వ్యాఖ్యాత: ఆ తనిఖీ ఎవరు చేస్తారు?

ఇంజినీరు: డ్యాము యజమానే. చాలా చోట్ల అంటే రాష్ట్ర నీటిపారుదల శాఖ. వాళ్ల పనిని పర్యవేక్షించే రాష్ట్ర డ్యాం భద్రతా సంస్థ కూడా సాధారణంగా అదే శాఖ గొడుగు కిందే ఉంటుంది. బదిలీ అయితే నిన్నటి యజమాని రేపటి పర్యవేక్షకుడు.

వ్యాఖ్యాత: కాని సార్, ఆ డ్యాము గురించి ఆ శాఖకన్నా ఎవరికి ఎక్కువ తెలుస్తుంది?

ఇంజినీరు: అది నిజమే, కొట్టిపారేయను. కట్ట దిగువన ఊట నిన్నటికన్నా పెరిగిందా, తేటగా వస్తోందా, మట్టి కలిసి వస్తోందా అన్నది రోజూ అక్కడ తిరిగేవాడే పట్టుకుంటాడు. మట్టి కలిసిందంటే లోపల కట్ట కరుగుతున్నట్టే. ఆ చూపు శాఖదే కావాలి. తీర్పు మాత్రం బయటివాళ్లు చెప్పాలి. చట్టం ఆ దారి చూపింది. స్వతంత్ర నిపుణుల బృందంతో సమగ్ర మూల్యాంకనం చేయించాలి, అందులో డిజైన్ వరదను, అంటే డ్యాము తట్టుకోవలసిన వరదను, మళ్లీ లెక్కించి తీరాలి. చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది, మొదటి మూల్యాంకనానికి గడువు ఐదేళ్లు. దేశంలో ఉన్నవి 5 వేలకు పైగా పెద్ద డ్యాములు. వరద లెక్కలు వేసే హైడ్రాలజిస్టులు అంత మంది ఎక్కడ ఉన్నారు? నా భయం అదే. గడువు తరుముకొస్తే పాత లెక్క మీదే కొత్త సంతకం పడుతుంది.

వ్యాఖ్యాత: అలా సంతకం పెట్టి, డ్యాము తెగితే?

ఇంజినీరు: అధికారుల ఆదేశాలు పాటించకపోతే ఏడాది వరకు జైలు, ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల వరకు అని చట్టంలో ఉంది.

వ్యాఖ్యాత: దిగువన ఇల్లూ పొలమూ పోయినవాళ్లకు పరిహారం?

ఇంజినీరు: దాని గురించి చట్టంలో ఒక్క సెక్షన్ కూడా లేదమ్మా.