మంచు పడితేనే పెళ్ళి

అందరికీ నమస్కారం. డిసెంబరు సాయంత్రం, బయట చలి, టీవీలో క్రికెట్. ఇవన్నీ వదిలేసి రెండొందల ఏళ్ళ నాటి ఇంగ్లండు ప్రేమకథల గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. వచ్చాక మధ్యలో లేచి వెళ్ళినా ఏమీ అనుకోను, టీ మాత్రం తాగి వెళ్ళండి.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్తాను. కాలేజీ రోజుల్లో విజయవాడలో మా సందు చివర పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన తెలుగు నవలలు ఒక వైపు, మిల్స్ అండ్ బూన్‌లు ఇంకో వైపు. ఆ రెండో వైపు ఒక రోజు అట్ట చిరిగిన లావుపాటి పుస్తకం దొరికింది. లోపల ఐదు చిన్న నవలలు, అన్నీ రీజెన్సీ కాలం నాటివే, అన్నీ క్రిస్మస్ రోజుల్లో జరిగేవే. చివరి కథలో డిసెంబరు 24న మంచు తుఫానులో చిక్కుకుని ఒకమ్మాయి ఒక ప్రభువు ఇంటి తలుపు కొడుతుంది. జనవరి 6 నాటికి పెళ్ళి. అయితే ఆ పెళ్ళి ఉన్న నాలుగు పేజీలూ ఎవరో చింపేశారు. పెళ్ళయిందని తెలుసు, ఎలా అయిందో తెలీదు. పదమూడు రోజుల్లో, రోడ్లన్నీ మూసుకుపోయిన ఊళ్ళో, అంత కట్టుదిట్టమైన సమాజంలో పెళ్ళి ఎలా కుదురుతుంది? ఆ నాలుగు పేజీల కోసం వెతుకుతూ వెతుకుతూ ఇక్కడిదాకా వచ్చాను.

రీజెన్సీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. మూడో జార్జి రాజుకు మతి స్థిమితం తప్పింది. 1811 ఫిబ్రవరిలో పెద్దకొడుకు రీజెంట్‌గా, అంటే ఆయన తరఫున, పాలన చేపట్టాడు. 1820 జనవరిలో ముసలి రాజు పోయేదాకా అదే ఏర్పాటు. మొత్తం తొమ్మిదేళ్ళు, అంతే. ఆ తొమ్మిదేళ్ళ మీద ఎన్ని వేల నవలలు వచ్చాయో! అప్పట్లో రాజకుటుంబం వాళ్ళను మినహాయిస్తే బ్రిటన్ మొత్తం మీద డ్యూకులు, అంటే అందరికంటే పై హోదా ప్రభువులు, ముప్ఫైమందికి మించరు. నేను చదివిన నవలల్లోనే అంతకు పదింతల మంది డ్యూకులున్నారు, అందరూ పెళ్ళికాని వాళ్ళే, అందరికీ పళ్ళు బాగానే ఉన్నాయి. 1930లలో ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ ఈ తరహాకు ఒక రూపం ఇచ్చింది. 1980ల చివర నుంచి అమెరికా ప్రచురణ సంస్థలు ప్రతి క్రిస్మస్‌కూ నాలుగైదు నవలికలు కలిపి ఒక సంకలనం వేయడం మొదలుపెట్టాయి. మన పత్రికలు దీపావళి ప్రత్యేక సంచికతో అనుబంధ నవల ఇచ్చేవి చూడండి, అలాంటి పండగ సరుకే.

ఇప్పుడు అసలు విషయం. ఆ కాలపు క్రిస్మస్ మనకు తెలిసిన క్రిస్మస్ కాదు. క్రిస్మస్ చెట్టు లేదు. గ్రీటింగ్ కార్డు లేదు. ఎర్ర కోటు తాత అసలే లేడు. షార్లెట్ రాణి 1800లో విండ్సర్‌లో పిల్లల కోసం ఒక చెట్టును అలంకరించిందన్న మాట నిజమే, కానీ అది జర్మనీ నుంచి తెచ్చుకున్న పుట్టింటి ముచ్చట. మామూలు ఇళ్ళల్లోకి ఆ చెట్టు రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ పత్రికలో అచ్చయ్యాక అందరూ ఎగబడ్డారు. మొదటి క్రిస్మస్ కార్డు 1843లో అచ్చయింది. మనం సినిమాల్లో చూసే క్రిస్మస్, మన ఊళ్ళ చర్చిల దగ్గర చూసే క్రిస్మస్, అదంతా విక్టోరియా కాలంలోనూ ఆ తర్వాతా తయారైన సరుకు. అందుకే నవలికలో డ్యూకు గారి హాల్లో చెట్టు కనిపించిందా, ఆ రచయిత్రి హోంవర్క్ చేయలేదని తెలిసిపోతుంది. నేనైతే పుస్తకం అక్కడే మూసేస్తాను. సరే, అబద్ధమెందుకు, మూసేసి మర్నాడు మళ్ళీ తెరుస్తాను.

మరి అప్పుడేం ఉండేది? పన్నెండు రోజులుండేవి. అదీ కీలకం. క్రిస్మస్ అంటే ఒక రోజు కాదు, డిసెంబరు 25 నుంచి జనవరి మొదటి వారం దాకా సాగే పండగ. ముందురోజు హాలీ అనే ముళ్ళ ఆకుల చెట్టు కొమ్మలూ ఐవీ తీగలూ తెచ్చి ఇంట్లో కడతారు. అంతకు ముందు కడితే మంచిది కాదని నమ్మకం. పొయ్యిలో పెద్ద దుంగ వేసి రోజుల తరబడి ఆరకుండా కాపాడతారు. బంధువులు పెట్టెబేడా సర్దుకుని వచ్చి దిగుతారు. ఆ రోడ్ల మీద, ఆ గుర్రపు బగ్గీల్లో అంత దూరం వచ్చినవాళ్ళు రెండ్రోజుల్లో తిరిగిపోరు కదా. మన సంక్రాంతికి వచ్చిన అల్లుళ్ళలాగే, ఎప్పుడు వెళ్తారని అడగడం మర్యాద కాదు.

ఆటలు కూడా వింతగా ఉంటాయి. స్నాప్‌డ్రాగన్ అని ఒకటి. వెడల్పాటి గిన్నెలో ఎండు ద్రాక్ష వేసి, బ్రాందీ పోసి, నిప్పు అంటిస్తారు. దీపాలు ఆర్పేసి, ఆ నీలం మంటలోంచి చేత్తో ద్రాక్ష తీసి నోట్లో వేసుకోవాలి. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆడేవారు. ఇంకొకటి పిండి దిబ్బ ఆట. పిండిని దిబ్బలా పోసి పైన తుపాకీ గుండు పెడతారు, ఒక్కొక్కరే కత్తితో కొంచెం కొంచెం కోస్తారు. ఎవరి చేతిలో గుండు పడిపోతుందో వాళ్ళు చేతులు వాడకుండా నోటితో దాన్ని పిండిలోంచి తీయాలి. ఊహించండి. ఏడాదంతా మెడ చుట్టూ గంజి పెట్టిన గుడ్డ బిగించుకుని నిలబడే ప్రభువు గారి ముక్కు మీద పిండి. వధువు తన మనసులో మాట ఒప్పుకోవడానికి అంతకంటే మంచి ఘడియ ఉంటుందా?

పన్నెండో రాత్రి కేకు ఇంకా గొప్పది. ఆ రాత్రి టోపీలోంచి చీటీలు తీస్తారు, ఒక్కొక్కరికీ ఒక పాత్ర వస్తుంది. అర్ధరాత్రి దాకా ఆ పాత్రలోనే మాట్లాడాలి. రాణి చీటీ ఆ ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే పేద పంతులమ్మకు రావచ్చు. పాత రోజుల్లో అయితే కేకులో దాచిన చిక్కుడు గింజ ఎవరికి వస్తే వాళ్ళే రాజు. ఒక్క రాత్రికి తలకిందులయ్యే లోకం. ప్రేమకథ రాసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

మిసల్‌టో గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. మన మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక తెలుసు కదా, అలాంటి మొక్కే. ఇక్కడ రైతు దాన్ని తిట్టుకుంటూ నరికి పారేస్తాడు, అక్కడ తెచ్చి ఇంట్లో వేలాడదీసి దాని కింద ముద్దులు పెట్టుకుంటారు. అయితే ఒక లెక్క ఉంది. ముద్దుకో పండు తెంపాలి. పండ్లు అయిపోతే ముద్దులు బంద్. అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ సరిగ్గా ఆ కాలంలోనే ఈ ఆచారం గురించి రాస్తూ, ఇది పల్లెటూరి రైతుల ఇళ్ళల్లోనూ వంటిళ్ళల్లోనూ ఉందన్నాడు. అంటే మేడ మీద డ్రాయింగ్ రూమ్‌లో కన్నా కింద పనివాళ్ళ మధ్య ఎక్కువ చెల్లుబాటైన సరదా. మంచి రచయిత్రులు ఈ తేడా పట్టుకుంటారు. ప్రభువు మెట్లు దిగి వంటింట్లోకి వచ్చినప్పుడే ఆ కొమ్మ పనిచేస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ సమాజంలో పెళ్ళికాని అమ్మాయి ఒక మగవాడితో ఒంటరిగా గదిలో కూర్చోకూడదు. నిశ్చితార్థం కాకుండా ఉత్తరం రాయకూడదు. ఒకే మనిషితో రెండు మార్లకు మించి నాట్యం చేస్తే ఊరంతా పెళ్ళి తేదీ అడుగుతుంది. మామూలు రీజెన్సీ నవల ఈ గోడల్ని ఒక్కొక్కటే దాటడానికి నాలుగొందల పేజీలు తీసుకుంటుంది. నవలికకు వంద పేజీలే ఉన్నాయి. అందుకని దానికి క్రిస్మస్ కావాలి, క్రిస్మస్‌తో పాటు మంచు కావాలి. మంచు పడితే బండి కదలదు. బండి కదలకపోతే అత్తగారు రారు, వచ్చినవాళ్ళు పోరు. తప్పు ఎవరిదీ కాదు, ఆకాశానిది. నన్నడిగితే ఈ కథల్లో పెళ్ళిళ్ళ పేరయ్య మంచే.

ఇది అతిశయోక్తేమో అని అనుమానం వస్తే, ఆ దశకం నిజంగానే చలి దశకం. 1813 డిసెంబరు చివర్లో లండన్‌ను రోజుల తరబడి పొగమంచు కప్పేసింది, తర్వాత విపరీతంగా మంచు పడింది, 1814 ఫిబ్రవరి మొదట్లో థేమ్స్ నది గడ్డకట్టి దాని మీద సంత జరిగింది. నది మీద ఏనుగును కూడా నడిపించారని చెప్పుకుంటారు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, మరుసటి ఏడాది యూరప్‌కు వేసవే లేకుండా చేసింది. కాబట్టి మంచు విషయంలో మన రచయిత్రులు కోసేది కోతలు కాదు.

ఈ మంచు సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది ఆ కాలంలోనే బతికిన జేన్ ఆస్టెన్. 1815 డిసెంబరులో వచ్చిన ఆమె నవల ‘ఎమ్మా’లో క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక విందు ఉంది. భోజనాలయ్యాక మంచు పడుతోందని వార్త. ఎమ్మా ముసలి తండ్రికి టెన్షన్. ప్రయాణం ముప్పావు మైలే, కానీ ఆయన కంగారు చూస్తే హిమాలయాలు దాటాలేమో అనిపిస్తుంది. ఆ హడావుడిలో ఎవరు ఏ బండి ఎక్కారో చూసుకోలేదు. ఎమ్మా ఒక బండిలో, ఆమెతో పాటు ఊరి పాస్టరు ఎల్టన్, ఇద్దరే. తలుపు మూసుకుంది. మంచు, క్రిస్మస్, మూసిన బండి, పెళ్ళి ప్రస్తావన, అన్నీ ఉన్నాయి. మనిషే తప్పు! ఎల్టన్ ప్రేమిస్తున్నది తన స్నేహితురాల్నని ఎమ్మా ఇన్నాళ్ళూ నమ్మింది, అతనేమో వైన్ ధైర్యంతో చెయ్యి పట్టుకుని ఎమ్మానే అడిగాడు. ఛీకొట్టింది. మిగతా దారంతా ఇద్దరూ మూతి ముడుచుకుని కూర్చున్నారు. తర్వాత మంచు వల్ల క్రిస్మస్ రోజు చర్చికి కూడా వెళ్ళలేకపోయింది, అతని మొహం చూడక్కర్లేదని సంతోషించింది. తర్వాతి తరాల రచయిత్రులు ఏ సామాను వాడి సుఖాంతాలు అల్లుతున్నారో, ఆ సామానంతా పెట్టి ఆస్టెన్ ముందే వెక్కిరించి వెళ్ళింది. ఆ పుస్తకం అంకితం ఎవరికో తెలుసా? ఆ రీజెంట్ రాజకుమారుడికే. అతనంటే ఆమెకు గిట్టదు, కానీ ఆస్థానం నుంచి సూచన వచ్చాక తప్పుతుందా?

సరే, నా చిరిగిన నాలుగు పేజీలు. 1753 నాటి చట్టం ప్రకారం మామూలు పెళ్ళికి చర్చిలో వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చేయాలి. పన్నెండు రోజుల్లో మూడు ఆదివారాలు రావు. బిషప్ దగ్గర లైసెన్సు తీసుకోవచ్చు గానీ, ఇద్దరిలో ఒకరు ఆ ఊళ్ళో నాలుగు వారాలు ఉండి ఉండాలి. మంచులో దారితప్పి నిన్న వచ్చిన అమ్మాయికి అది కుదరదు, పండక్కని మొన్ననే వచ్చి దిగిన ప్రభువుకూ కుదరదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండకపోతే తండ్రి అనుమతి అదనం. మిగిలింది ప్రత్యేక లైసెన్సు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇచ్చేది, ఎప్పుడైనా ఎక్కడైనా పెళ్ళి చేసుకోవచ్చు, కానీ పెద్దింటి వాళ్ళకే దొరికేది. డ్యూకుల మీద ఇంత మోజు ఎందుకో ఇప్పుడర్థమైందా? అయితే అది లండన్‌లో ఇస్తారు. లండన్‌కు దూరంగా డెర్బీషైర్‌లో మంచులో కూరుకుపోయిన డ్యూకు జేబులోంచి ప్రత్యేక లైసెన్సు తీశాడంటే, తుఫాను రాకముందే ఎవరినో చేసుకుందామని బయల్దేరి ఉండాలి! ఎవరినని ఏ నవలికా అడగదు. లేదంటే స్కాట్లండ్ సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ వెళ్ళాలి, అక్కడ ఈ చట్టం చెల్లదు. కానీ మళ్ళీ రోడ్లు మూసి ఉన్నాయాయె.

ఈ కథల మీద నాకున్న కోపం కూడా చెప్పేస్తాను. ఆ కేకులో చక్కెర ఎక్కడిది? కరీబియన్ చెరకు తోటల్లో బానిసలు పండించింది. బానిసల వ్యాపారం 1807లో ఆగింది గానీ, బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో గానీ రాలేదు. తెల్లారకముందే లేచి పన్నెండు పొయ్యిలు వెలిగించే పనమ్మాయికి ఈ కథల్లో ఒక సంభాషణ ఉంటే గొప్ప. కొత్త తరం రచయిత్రులు కొందరు ఇటు చూస్తున్నారు, నయం.

ఇక ఇండియా నుంచి తిరిగొచ్చిన హీరో ఈ కథల్లో బాగా కనిపిస్తాడు. ఎండకు నల్లబడి, డబ్బు సంపాదించి, మాట తక్కువగా. అలాంటి నిజమైన మనిషి ఒకాయన మనకు తెలుసు. థామస్ మన్రో. దత్త మండలాల్లో ఏడేళ్ళు కలెక్టరుగా చేసి 1807లో ఇంటిదారి పట్టాడు. 1813లో పార్లమెంటు ముందు ఇండియా గురించి సాక్ష్యం చెప్పాడు. థేమ్స్ గడ్డకట్టిన చలికాలం దాటగానే, 1814 మార్చిలో, యాభై రెండేళ్ళ వయసులో, తనకంటే చాలా చిన్నదైన జేన్ క్యాంప్‌బెల్‌ను స్కాట్లండ్‌లో పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడాది ఆమెను తీసుకుని మద్రాసు ఓడ ఎక్కాడు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఆ మన్రోనే, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన ఆ మన్రోనే. ఆ చలికాలం వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగిందో ఎవరైనా నవలికగా రాయాలని నాకు ఎప్పటినుంచో ఆశ. మీలో ఎవరైనా పూనుకుంటే క్రిస్మస్ చెట్టు మాత్రం పెట్టకండి. మాటకొస్తే క్రిస్మస్ కూడా అక్కర్లేదు. అప్పటి స్కాట్లండ్‌లో దాన్ని పెద్దగా చేసుకునేవాళ్ళు కాదు, వాళ్ళ సంబరమంతా డిసెంబరు 31 రాత్రికే. లైసెన్సు గొడవ కూడా ఉండదు.