లక్ష డాలర్ల హెచ్‌-1బి ఫీజు కట్టాల్సింది మన పిల్లలు కాదు

[కెమెరా ముందు, నేరుగా]

నమస్తే అండీ, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య మన వైపు, పర్లాకిమిడి కానివ్వండి, గుణుపురం, రాయగడ కానివ్వండి, ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తోంది. "అమెరికా హెచ్‌-1బి ఉద్యోగ వీసాకి ఇప్పుడు లక్ష డాలర్లు, అంటే తొంభై లక్షలు కట్టాలంట కదా, మనవల్ల ఏమవుతుంది!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అడిగేవాళ్ల మీద కాదు, సగం వార్త చెప్పి వదిలేసినవాళ్ల మీద. ఎందుకంటే ఆ సగం వార్త పుట్టించిన భయం మీదే కొందరు వ్యాపారం చేస్తున్నారు. "అంతా అక్కర్లేదు, పదిహేను లక్షలివ్వండి, స్పాన్సర్‌షిప్ నేను చూసుకుంటాను" అంటున్నారు. అందుకే ఈ వీడియో.

గిరిసోల దగ్గర బోర్డర్ దాటి ఒడిశాలోకి వచ్చే లారీని ఊహించుకోండి. బయట రాష్ట్రం బండి లోపలికి రావాలంటే పర్మిట్ కావాలి, దానికో ఫీజు ఉంటుంది. సరుకు కావాల్సింది బరంపురంలో ఉన్న షావుకారికి కాబట్టి ఆ ఫీజు ఆయనే కడతాడనుకుందాం. డ్రైవరు జేబులోంచి తియ్యడు కదా? హెచ్‌-1బిలో షావుకారు అంటే అమెరికా కంపెనీ, డ్రైవరు మన అబ్బాయో అమ్మాయో. పిటిషన్, అంటే ఆ వీసా కోసం దరఖాస్తు, వేసేది కంపెనీ, ఫీజు కట్టేదీ కంపెనీయే.

ఆ పర్మిట్ ఖర్చు ఎలా పెరిగిందో చూడండి. 25 మంది కంటే ఎక్కువ ఉద్యోగులున్న మామూలు కంపెనీ లెక్క చెబుతాను.

[స్క్రీన్ మీద లెక్క]

2024 మార్చి దాకా, ఎవరి పిటిషన్ తీసుకోవాలో తేల్చే లాటరీలో రిజిస్ట్రేషన్‌కి 10 డాలర్లు, పిటిషన్‌కి 460, ట్రైనింగ్ ఫీజు 1,500, మోసాల నివారణ ఫీజు 500. మొత్తం 2,470 డాలర్లు. 2024 ఏప్రిల్ 1 నుంచి పిటిషన్ ఫీజు 780 అయింది, దాని మీద శరణార్థుల విభాగం ఖర్చుల కోసమని ఇంకో 600 వేశారు. అసలు ఈ పని చేసే ఉద్యోగికీ శరణార్థుల ఖర్చుకీ ఏం సంబంధం? నా దృష్టిలో ఇది అన్యాయం. 2025లో రిజిస్ట్రేషన్ ఫీజు కూడా 10 నుంచి 215కి పెంచారు. అన్నీ కలిపితే 3,595. లాయర్ ఖర్చు వేరే, తొందరగా తేల్చాలంటే ప్రీమియం ప్రాసెసింగ్ 2025లో ఇంకో రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు ఉండేది. ఇక్కడిదాకా కంపెనీలు గొణుక్కుంటూనే భరించాయి.

2025 సెప్టెంబర్ 19న ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. సెప్టెంబర్ 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకి అదనంగా లక్ష డాలర్లు, 12 నెలల పాటు, కావాలంటే పొడిగించుకోవచ్చు. మొదటి రోజు ఏటా కట్టాలన్నారు, మర్నాడే వైట్‌హౌస్ ఒక్కసారే అని సరిచేసింది. ఆ ఒక్క రోజులో ఎంతమంది తల్లిదండ్రులు నిద్రపోలేదో, సెలవుకి ఇండియా వచ్చినవాళ్లు ఎంతమంది టికెట్లు మార్చుకుని ఎయిర్‌పోర్టులకి పరిగెత్తారో. అంత పెద్ద విషయం చెప్పేటప్పుడు ముందే స్పష్టంగా చెప్పాలి కదండీ!

మళ్లీ మన లారీ దగ్గరికి రండి. ఈ ఫీజు గిరిసోల అవతల ఆగి ఉన్న బండికి. ఇప్పటికే బరంపురంలో తిరుగుతున్న బండికి కాదు. అక్టోబర్ 20న అమెరికా ఇమ్మిగ్రేషన్ విభాగం ఇదే స్పష్టం చేసింది. అక్కడ చదువుకుని, ఓపీటీలో, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి మీద ఉండి, అమెరికా వదలకుండానే ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌-1బికి మారేవాళ్లకి లక్ష డాలర్లు వర్తించవు. పొడిగింపుకీ వర్తించవు. కానీ ఆ స్టేటస్ మార్పు ఇంకా ఆమోదం కాకముందే దేశం వదిలి వచ్చేస్తే బండి బోర్డర్ దాటి బయటికి వచ్చేసినట్టే. చెల్లి పెళ్లి ఉంది, పది రోజులు వచ్చి వెళ్లిపో అని పిలిచే ముందు దయచేసి పిల్లల్ని ఒకసారి లాయర్‌ని అడగమనండి.

మరి మనవాళ్లకి నష్టమే లేదా? ఉంది, చాలా ఉంది, దాన్ని దాచను. పర్మిట్ ఖరీదు అంత పెరిగితే షావుకారు ప్రతి లోడుకీ ఆలోచిస్తాడు. పట్టుచీరల లోడైతే తెప్పిస్తాడేమో, ఉల్లిపాయల లోడుకి మాత్రం "ఇక్కడే చూసుకుంటాలే" అంటాడు. అలాగే బరంపురంలో కూర్చుని నేరుగా అమెరికా ఉద్యోగం కొట్టాలనుకునే ఫ్రెషర్‌కి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. పైగా 2026 ఫిబ్రవరి 27 నుంచి లాటరీ కూడా మారింది, జీతం లెవెల్ ఎక్కువున్నవాళ్ల పేరు ఎక్కువసార్లు పడుతుంది, నాలుగో లెవెల్‌కి నాలుగుసార్లు, మొదటి లెవెల్‌కి ఒక్కసారే. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదమైన హెచ్‌-1బిల్లో దాదాపు 71 శాతం మనదేశం వాళ్లవే, కాబట్టి ఈ దెబ్బ ఎవరికి ఎక్కువ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నా అసలు బాధ మాత్రం బోర్డర్ దగ్గర నిలబడి డ్రైవరు దగ్గర షావుకారి ఫీజు వసూలు చేసే మనిషి గురించి. అమెరికా చట్టం ప్రకారం ఆ ట్రైనింగ్ ఫీజులో ఒక్క డాలరు కూడా ఉద్యోగి కట్టకూడదు, తనంతట తాను ఇష్టపడి ఇచ్చినా చెల్లదు. పిటిషన్ లాయర్ ఖర్చు కూడా కంపెనీదే. మీవైపు నుంచి కట్టేది వీసా స్టాంపింగ్ ఫీజు 205 డాలర్ల లాంటివి. కాబట్టి కన్సల్టెన్సీవాళ్లు "స్పాన్సర్ ఖర్చు" అని లక్షలు అడిగితే అది ఏ పద్దు కింద అని రాతపూర్వకంగా అడగండి.

టైమ్ అయిపోతోంది, మిగతా దేశాలు గబగబా చెప్పేస్తాను. బ్రిటన్‌లో స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ 2025 ఏప్రిల్‌లో 239 నుంచి 525 పౌండ్లయింది. పెద్ద కంపెనీ ఒక్కో ఉద్యోగికి ఏడాదికి కట్టే స్కిల్స్ చార్జీ 2025 డిసెంబర్ 16 నుంచి 1,000 బదులు 1,320, అంటే అయిదేళ్లకి 6,600. స్కిల్డ్ వర్కర్ వీసాలో ఈ రెండూ ఉద్యోగి మీద వెయ్యకూడదు. హెల్త్ సర్‌చార్జీ ఏడాదికి 1,035 పౌండ్లు మాత్రం ఉద్యోగి కట్టుకోవాల్సి రావచ్చు, కంపెనీ ఇస్తుందో లేదో ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసాకి ఏడాదికి 1,200 లేదా 1,800 ఆస్ట్రేలియా డాలర్ల లెవీ, టర్నోవర్‌ని బట్టి, అదీ కంపెనీదే.

మన దేశం సంగతి ఒక్క ముక్క. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తన సర్వీసుకి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు, లింక్ కింద పెడుతున్నాను. డబ్బు తీసుకుని రసీదు ఇవ్వనంటే పాస్‌పోర్టు వాళ్ల చేతికి ఇవ్వకుండా వచ్చేయండి.