ఆరొందలకు ఐదొందల నలభై: ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

పిల్లలూ, మాస్టార్లూ, అందరికీ నమస్కారం.

ఇందాక ముందు వరసలో కూర్చున్న అమ్మాయిని, పదో తరగతిలో ఎన్ని మార్కులొచ్చాయమ్మా అని అడిగాను. “ఆరొందలకు ఐదొందల నలభై సార్” అని టక్కున చెప్పింది. ఇంగ్లీషులో చెప్పమంటే ఆగిపోయింది. మాటలు రాక కాదు. మన వరస వేరు, వాళ్ల వరస వేరు.

మనం మొత్తం ముందు చెబుతాం, వచ్చింది తర్వాత. వాళ్లు వచ్చింది ముందు చెబుతారు: ఫైవ్ ఫార్టీ అవుటాఫ్ సిక్స్ హండ్రెడ్. క్రికెట్లోనూ అంతే. మనం మూడు వికెట్లకు 120 అంటాం, ఇంగ్లండులో వన్ ట్వంటీ ఫర్ త్రీ అంటారు. ఆస్ట్రేలియాలో మాత్రం మనలాగే వికెట్లే ముందు.

ఇంకో సంగతి. తెలుగులో మార్కులు ‘వస్తాయి’, వానలాగా, జీతంలాగా. అందుకే కావలి నుంచి రైలెక్కి చెన్నై ఇంటర్వ్యూకు వెళ్లిన మన పిల్లల నోట ‘మార్క్స్ కేమ్’ అని వస్తుంది. ఇంగ్లీషులో ఆ పని మనిషిదే. ఐ గాట్ ఎయిటీ టూ ఇన్ మ్యాథ్స్, లేదా ఐ స్కోర్డ్ ఎయిటీ టూ. ‘నేను’తో మొదలుపెట్టడం గొప్పలు చెప్పుకోవడం కాదు, మొహమాటపడకండి.

అంకె తర్వాత పర్సెంట్ అనాలి, పర్సెంటేజ్ కాదు. ఎంత శాతం అని అడిగేటప్పుడే వాట్ పర్సెంటేజ్. 9.25ని నైన్ పాయింట్ టూ ఫైవ్ అని విడివిడిగా చదవాలి.

వీటిలో తప్పినా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. పర్సెంటైల్‌తో మాత్రం జాగ్రత్త. జేఈఈ మెయిన్‌లో 95 పర్సెంటైల్ అంటే నూటికి 95 మార్కులు కాదు. మీతో పాటు ఆ పూట రాసినవాళ్లలో నూటికి 95 మంది మార్కులు మీతో సమానం, లేదా మీకన్నా తక్కువ అని. దాన్ని దరఖాస్తులో 95 పర్సెంట్ అని రాశారనుకోండి, చదివేవాళ్లకు అది అబద్ధంలా కనిపిస్తుంది. కష్టపడి చదివిన బిడ్డ మీద ఆ అనుమానం పడకూడదు. అందుకే పర్సెంటైల్‌ను పర్సెంటైల్ అనే రాయండి, మార్కులు విడిగా రాయండి.

ఏమ్మా, ఇప్పుడు లేచి ఇంకోసారి చెబుతావా? మైకు అటు ఇవ్వండి.