50 ఏళ్ల ఐరన్ మెయిడెన్ లైవ్ షో: ఎక్కడ నిలబడాలి, ఏం వినాలి | రివ్యూ

నమస్కారం అండి. ఈరోజు రివ్యూ ఐరన్ మెయిడెన్ లైవ్ షో. బాస్ గిటార్ వాయించే స్టీవ్ హ్యారిస్ 1975లో లండన్‌లో పెట్టిన హెవీ మెటల్ బ్యాండ్ ఇది. 50 ఏళ్ల పేరు మీద 2025 మే 27న బుడాపెస్ట్‌లో 'రన్ ఫర్ యువర్ లైవ్స్' టూర్ మొదలుపెట్టారు. రాజమండ్రిలోనో భీమవరంలోనో కూర్చుని వినేవాళ్లకీ, మన కోనసీమ నుంచి గల్ఫో లండనో వెళ్లి అక్కడెక్కడో టికెట్ కొనుక్కోబోయేవాళ్లకీ, ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తానండి.

ముందే ఒక మాట. ఈ షోలో జనం పాడాల్సిన వంతు చాలా ఉంది. అదెక్కడొస్తుందో తెలీకుండా వెళ్తే టికెట్ డబ్బుల్లో సగం గోదాట్లో పోసినట్టే.

లైట్లు ఆరకముందు స్పీకర్లలో యూఎఫ్ఓ అనే బ్యాండ్ పాట 'డాక్టర్ డాక్టర్' వేస్తారు. ఏళ్ల తరబడి మెయిడెన్ షోకి అదే గంట. హారతి వేళ గుడిగంట విన్నట్టే అనుకోండి. అది వినపడేసరికి మీరు మంచినీళ్ల లైన్లో ఉన్నారా, లైను వదిలేసి వచ్చెయ్యండి. చేతిలో ఉన్నది నాలుగు నిమిషాలు, అటూ ఇటూగా.

పాటలు 17, షో దాదాపు రెండు గంటలు. అన్నీ 1980 నుంచి 1992 దాకా వచ్చిన మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల్లోవే. షోలో మొదటి నాలుగు పాటలూ 1980, 81 నాటివి, అంటే ఇప్పటి గాయకుడు బ్రూస్ డికిన్సన్ బ్యాండ్‌లోకి రాకముందువి. ఈ వరస వెనకాల లెక్క ఉందండి. బ్రూస్ పుట్టింది 1958లో. 2015లో నాలుక వెనక క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుని మళ్లీ స్టేజీ ఎక్కిన మనిషి. ఆ నాలుగు పాటలూ తారస్థాయికి అంతగా పోవు, గరుకుగా నడుస్తాయి. అవి పాడేలోపు గొంతు వేడెక్కుతుంది. బాగా పైకి లాగాల్సిన 'ఏసెస్ హై' ఇదివరకు 2018 టూర్లో మొట్టమొదటి పాట. ఇప్పుడు ఎన్‌కోర్‌లో, అంటే స్టేజీ దిగి మళ్లీ వచ్చి వాయించే ఆఖరి పాటల్లో పెట్టారు. గంటన్నర పైగా పరిగెత్తాక ఆ పాట ఎత్తుకోవడం ఆ వయసులో పెద్ద సాహసం. పైగా వయసు మీద పడ్డ బ్యాండ్లు చాలావరకు శ్రుతి అరమెట్టు తగ్గించుకుంటాయి, వీళ్లు పాత శ్రుతిలోనే వాయిస్తున్నారు. కొన్ని చోట్ల స్వరం చివర తెగుతుంది, నిజమే. అయినా సరే, నా మార్కులు బ్రూస్‌కే.

అసలు మార్పు డ్రమ్స్ దగ్గర ఉంది. నికో మెక్‌బ్రెయిన్ 1982లో చేరాడు. 2023 జనవరిలో పక్షవాతం వచ్చినా కోలుకుని వాయించాడు. 2024 డిసెంబర్ 7న సావో పాలోలో ఆఖరి షో చేసి టూర్లు మానేశాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌కి రెండు పెడళ్లు పెట్టుకుంటేగానీ రాదనుకునే వేగాన్ని ఒక్క పెడల్‌తో, ఒక్క కాలితో తీసేవాడండి! ఇప్పుడున్నది సైమన్ డాసన్, హ్యారిస్ ఇంకో బ్యాండ్ బ్రిటిష్ లయన్‌లో డ్రమ్మర్. ఈయన దెబ్బ సూటిగా, తిన్నగా పడుతుంది. నికో తాళం మధ్యలో వేసే చిన్న చిన్న చమక్కులు ఉండవు. కాకపోతే వేగం కాస్త నిలకడగా ఉండటంతో పాత పాటలకి మేలే జరిగింది, పదాలు స్పష్టంగా వినపడుతున్నాయి.

మెయిడెన్ నడక గుర్రపు దౌడు. ఒక దెబ్బని నాలుగు పావులు చేస్తే, మొదటి రెండు పావులకి ఒక మీటు, తర్వాత పావుకొకటి. నోటితో అనాలంటే 'తాం-కిట, తాం-కిట'. తొడ మీద వేసి చూడండి, వాళ్ల పాట 'ట్రూపర్' వచ్చేస్తుంది. హ్యారిస్ దీన్ని పిక్ లేకుండా, ఉత్త వేళ్లతో లాగుతాడు. తీగ ఫ్రెట్‌కి, అంటే గిటార్ మెడ మీదుండే లోహపు గీతకి తగిలే టకటకే ఆయన బాస్‌కి ప్రాణం. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పనుంది.

ఇక నిలబడే చోటు. స్టేజీ ముందు కంచె పట్టుకుంటే మొహాలు బాగా కనపడతాయి, పాట మాత్రం సరిగ్గా వినపడదు. పైన వేలాడదీసే స్పీకర్లు వెనకాల జనాన్ని చూస్తూ ఉంటాయి, గొంతూ గిటార్లూ మీ తల మీంచి పోతాయి. మీ ఎదురుగా నేల మీదున్న బాస్ బాక్సులు డ్రమ్ దెబ్బని గుండె మీద గుద్దుతాయి, అంతే. సరిగ్గా మధ్య గీత మీద కూడా వద్దండి. ఎడమ బాస్, కుడి బాస్ అక్కడ కలిసి బాగా చిక్కబడతాయి. సౌండ్ ఇంజినీర్ బల్ల ఎక్కడుందో చూసుకోండి. ఆయన తన చెవికి కుదిరేట్టు కలుపుతాడు కాబట్టి ఆ బల్లకి కాస్త ముందు, మధ్య గీతకి నాలుగైదు అడుగులు పక్కన నిలబడితే మూడు గిటార్లూ విడివిడిగా దొరుకుతాయి.

మైదానంలో మరీ వెనక ఉన్నారనుకోండి, 100 మీటర్ల దూరానికి శబ్దం దాదాపు 0.3 సెకను ఆలస్యం. కాలవ అవతలి రేవులో బట్ట బండకి తగలడం ముందు కనపడి, చప్పుడు తర్వాత వినపడదూ, అలాగన్నమాట. అందుకే మధ్యలో టవర్లు కట్టి, వాటి స్పీకర్లని కావాలనే ఆలస్యంగా పలికిస్తారు, స్టేజీ శబ్దంతో కలిసి రావాలని. టవర్ దాటి వెనక నిలబడితే పర్లేదు. టవర్‌కి పక్కగానో కాస్త ముందుకో ఉంటే రెండు శబ్దాలూ కలవక పాట చెదురుతుంది.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 100 డెసిబెల్స్ దగ్గర రక్షణ లేకుండా రోజుకి 15 నిమిషాలే హద్దు అంటారు. ఇది రెండు గంటల షో. దూది పనికిరాదు. ఫోమ్ ప్లగ్ అయితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో నొక్కి ఉంచాలి. చాలామంది ఆ నొక్కడం దగ్గరే తొందరపడతారు, ప్లగ్ జారిపోతుంది. ఫోమ్ పైశ్రుతిని ఎక్కువ మింగేస్తుంది, గిటార్లు గోనెసంచిలోంచి వచ్చినట్టుంటాయి. సంగీతం వాయించేవాళ్లు పెట్టుకునే ప్లగ్ అన్ని శ్రుతుల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది. అదే కొనండి.

మీ వంతు పాటలు 'రన్ టు ద హిల్స్', 'ట్రూపర్', అన్నిటికన్నా ముఖ్యంగా 'ఫియర్ ఆఫ్ ద డార్క్'. దీంట్లో జనం పాడేది మాటలే అనుకునేరు, గిటార్ వరసని కూడా 'ఓ ఓ' అని పాడతారు. మొదట్లో నెమ్మదిగా ఒకసారి, చివర్లో మళ్లీ ఒకసారి. ఆ వరస ముందే నోటికి పట్టుకుని వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టండి. టూర్‌కి ముందే వాళ్ల మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ అభిమానుల్ని కోరింది కూడా అదే.

నచ్చనివి రెండున్నాయి. బొమ్మలేసిన పెద్ద తెరగుడ్డల స్థానంలో చాలావరకు ఎల్ఈడీ తెర వచ్చింది. ఆ వెలుతురుకి మనుషులు చిన్నబోతున్నారు. రెండోది, మూడు గిటార్ల బ్యాండ్‌గా వీళ్లు 2000 నుంచి విడుదల చేసిన పాటలు ఒక్కటీ లేవు. పాతవన్నీ రెండు గిటార్లకి కట్టినవి. మూడో గిటారిస్ట్ జానిక్ గెర్స్ ఏం వాయిస్తున్నాడో చాలాచోట్ల వెతుక్కోవాలి.

షో అయ్యాక స్పీకర్లలో 'ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్' వినపడితే ఇంక పాట లేదని అర్థం. ఇండియాలో వీళ్లు వాయించింది 2007లో బెంగళూరు, 2008లో ముంబయి, 2009లో మళ్లీ బెంగళూరు. ఈసారి వస్తే బెంగళూరుకి కాకినాడ నుంచి శేషాద్రి, ముంబయికి రాజమండ్రి మీదుగా కోణార్క్ రైళ్లు ఉన్నాయి కదా. తిరుగు టికెట్ మాత్రం మర్నాటికి తీసుకోండి. అంత జనం బయటపడి స్టేషన్ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

వెళ్లలేనివాళ్లు 2001 జనవరి 19న తీసిన వీళ్ల లైవ్ షో వీడియో 'రాక్ ఇన్ రియో' చూడండి. రెండున్నర లక్షల జనం 'ఫియర్ ఆఫ్ ద డార్క్' గిటార్ వరస ఎలా పాడతారో అందులో వినపడుతుంది. తీర్థానికి తెచ్చే డీజే బాక్సుల మీద వేస్తున్నారా? అవి కింది శ్రుతి గుద్దడానికి అమర్చి ఉంటాయి. ముందు బాస్ సగానికి తగ్గించి, మిడ్ (మధ్య శ్రుతి) కొంచెం తెరవండి. హ్యారిస్ వేళ్ల టకటక విడిగా వినపడాలి. వినపడలేదంటే బాస్ ఇంకో రెండు గీతలు తగ్గించండి.