అడ్రినల్ గ్రంథులకు ఇన్ఫెక్షన్ సోకితే స్కాన్ ఏమి చెబుతుంది?

[తెరపై: మూత్రపిండాలు, వాటి మీద పసుపు రంగులో అడ్రినల్ గ్రంథులు]

వ్యాఖ్యానం: ఒక్కో అడ్రినల్ గ్రంథి బరువు 4, 5 గ్రాములే. అవి తయారుచేసే కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు అందకపోతే మాత్రం రక్తపోటు పడిపోతుంది, ఒంట్లో సోడియం తగ్గిపోతుంది. 1855లో థామస్ అడిసన్ ఈ జబ్బును వివరించినప్పుడు, ఆయన చూసిన రోగుల్లో పలువురి గ్రంథులను పాడుచేసింది క్షయ. టీబీ ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇప్పటికీ అది ముఖ్య కారణమే. హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం కూడా ఇదే నష్టం చేస్తుంది.

గ్రంథి పనిచేస్తోందా లేదా అన్నది స్కాన్ తేల్చదు. అది రక్తపరీక్షల పని: ఉదయం పూట కార్టిసాల్, దాన్ని తయారుచేయమని అడ్రినల్ గ్రంథులకు మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ హార్మోన్, అవసరమైతే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కార్టిసాల్. ఎందుకు చెడింది అన్న ప్రశ్న దగ్గరే స్కాన్ అవసరం మొదలవుతుంది. రోగి వాంతులతో, పడిపోతున్న రక్తపోటుతో వస్తే దేనికోసమూ ఆగకూడదు. ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్. స్కాన్ సంగతి తర్వాత.

[తెరపై: సీటీ చిత్రం, రెండు గ్రంథుల చుట్టూ గుర్తులు]

టీబీ తొలిదశలో సాధారణంగా రెండు గ్రంథులూ ఉబ్బుతాయి. కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన సీటీలో అంచు తెల్లగా మెరుస్తుంది, నడిమి భాగం నల్లగా ఉంటుంది. ఆ నలుపు చచ్చిపోయిన కణజాలం. ఏళ్లు గడిచేకొద్దీ గ్రంథి కుంచించుకుపోయి, అందులో కాల్షియం తెల్లటి చుక్కలుగా పేరుకుంటుంది. కాబట్టి ఇన్ఫెక్షన్ కొత్తదా, పాతదా అన్న అంచనా కూడా ఈ చిత్రం నుంచే దొరుకుతుంది. రోగనిరోధక శక్తి సొంత గ్రంథుల మీదే దాడి చేసినప్పుడు అవి చిన్నగా, సన్నగా మారతాయి, కాల్షియం కనిపించదు.

కాల్షియాన్ని పట్టుకోవడంలో ఎమ్మారై కన్నా సీటీయే మేలు. మెనింగోకాకస్ బ్యాక్టీరియా కలిగించే వంటి తీవ్ర ఇన్ఫెక్షన్లలో గ్రంథిలోకి రక్తస్రావం జరిగితే, అది ఎప్పటిదో చెప్పడంలో ఎమ్మారై ముందుంటుంది.

[తెరపై: పక్కపక్కనే రెండు స్కాన్లు]

అసలు చిక్కు ఇక్కడుంది. వేరే చోటి నుంచి పాకిన క్యాన్సర్, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కూడా రెండు గ్రంథులనూ ఉబ్బిస్తాయి. పెట్ స్కాన్‌లో ఇవీ మెరుస్తాయి, ఇన్ఫెక్షనూ మెరుస్తుంది. ఛాతీ స్కాన్‌లో, కఫం పరీక్షలో టీబీ ఆనవాళ్లు దొరికితే దారి సులువవుతుంది. లేకుంటే సీటీ చూస్తూ సూదితో ముక్క తీయాలి. దానికి ముందు ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ కణితి లేదని, రక్తంలోనో మూత్రంలోనో చేసే మెటానెఫ్రిన్ పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఆ కణితిని సూది తాకితే రక్తపోటు ప్రాణాంతకంగా ఎగబాకవచ్చు.

టీబీ అని తేలాక చికిత్సలో ఒక మెలిక ఉంది. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల కాలేయం కార్టిసాల్‌ను మరింత వేగంగా విచ్ఛిన్నం చేస్తుంది. హైడ్రోకార్టిసోన్ వాడుతున్నవారికి వైద్యులు మోతాదు పెంచాల్సి రావచ్చు. టీబీ నయమైనా గ్రంథులు కోలుకోవడం అరుదు, కాబట్టి చాలామందికి ఆ మాత్రలు జీవితాంతం తప్పవు.