గంజు చల్లారాక రెండోది

అందరికీ నమస్కారం. ఈ పింఛనుదారుల సమావేశాల్లో నాకంటే ముందు మాట్లాడినవాళ్లు బీపీ గురించి చెప్పారు, షుగర్ గురించి చెప్పారు, పోయిన నెల ఒకాయన వీలునామా గురించి చెప్పి అందరికీ టెన్షన్ పెట్టి వెళ్లాడు. నన్నేమో 'రిటైరయ్యాక కాలక్షేపం' మీద మాట్లాడమన్నారు. కాలక్షేపం అన్న మాట నాకు పడదు. కాలం దానంతటదే పోతోంది, మనం నెట్టాల్సిన పని లేదు. అందుకని నేను పిండి గురించి మాట్లాడతాను.

34 ఏళ్ల ఉద్యోగంలో వంటింటితో నాకున్న సంబంధం ఒక్కటే. పళ్లెం ముందు కూచుని "ఉప్పు కొంచెం తక్కువైంది" అనడం. రిటైరైన రెండో నెలలో మా ఆవిడకు మోకాలి నొప్పి మొదలై, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. అట్లా పొయ్యి ముందుకొచ్చాను. ఇందులో ఆదర్శమేమీ లేదు, ఆకలే.

మొదట సర్వపిండి పెట్టుకున్నాను, అదే తేలికని. కొన్ని ఊళ్లల్ల సర్వప్ప అంటారు, గిన్నప్ప అంటారు. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు. కలిపి గంజు, అంటే లోతు గిన్నె, లోపల అడుగుకూ అంచులకూ పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి, వాటిలో నూనె పోసి మూత పెట్టి సన్నమంట మీద ఉంచాలి. చదివితే ఇంతే. మా ఆవిడ కుర్చీలో కూచుని "గుప్పెడు పల్లీలు" అంటుంది. నా గుప్పెడు ఆమె గుప్పెటికి ఒకటిన్నర రెట్లుంటుందని పెళ్లైన ఇన్నేళ్లకు అప్పుడు తెలిసింది.

అయినా మొదటిది బాగానే వచ్చింది. ఆ గర్వంతో దాన్ని తీసి, వేడి గంజులోనే రెండో ముద్ద పెట్టాను. వేళ్లు కాలాయి. పిండి అంటుకోలేదు, ఒకచోట ఒత్తితే ఇంకోచోట లేచొచ్చింది. తడిపిండి కాలిన లోహానికి తగలగానే కింద ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరే పిండిని పైకి నెడుతుంది. పైగా తగిలిన చోటల్లా వెంటనే ఉడికి గట్టిపడుతుంది కాబట్టి సాగదు. ఈ భౌతికశాస్త్రమంతా నాకు తర్వాత తోచింది. మా ఆవిడ మాత్రం అక్కణ్నుంచే, "గంజు సల్లారకముందే పెడ్తరా? బోర్లేసి నీళ్లు పొయ్యాలె గదా" అంది.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒక్కో సర్వపిండి తీశాక అమ్మ గంజును పెరట్లోకి పట్టుకెళ్లి, బోర్లించి, చెంబెడు నీళ్లు పోసేది. చుయ్యిమనేది. కడుగుతోందనుకున్నాను. 50 ఏళ్లు అట్లాగే అనుకున్నాను. ఆమె కడగడం లేదు, చల్లారుస్తోంది. రెండు గంజులున్న ఇళ్లల్లో ఒకటి పొయ్యి మీదుంటే ఇంకోటి చల్లారుతుండేది. మాకు ఒకటే ఉండేది.

మిర్చి సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ పక్కనుంచి వెళ్లినవాళ్లెవరైనా దగ్గకుండా వచ్చారా? అయినా అన్ని మిరపకాయలూ ఒకటి కావని నాకు తెలియలేదు. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. దాన్ని పట్టించి టమాట పచ్చడి చేశాను. రంగు చూస్తే పెళ్లికూతురి చీర. ఒక ముద్ద తిని మా ఆవిడ, "కారమేదండీ?" అంది. సరే అని మరుసటి వారం అదే కొలతతో తేజా రకం మిర్చి వేశాను. మా అల్లుడు పళ్లెం ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, మర్యాదకు ఒక్క మాట అనలేదు.

మిరపలో ఎరుపు వేరు, మంట వేరు. ఎరుపు క్యాప్సాంథిన్ అనే రంగు పదార్థం వల్ల, మంట క్యాప్సైసిన్ వల్ల. చపాటాలో మొదటిది దండిగా ఉండి రెండోది తక్కువ, అందుకే ఆవకాయకు రంగు కోసం వాడతారు. ఇంకో సంగతి, మంటంతా గింజల్లో ఉంటుందని మనమనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి పొరలో ఎక్కువ. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి చెంబులు చెంబులు తాగినా లాభం లేదు, పెరుగు తినాలి. ఆ రోజు అల్లుడికి చెంబే ఇచ్చాం.

వంట మొదలుపెట్టాక బయట తినడం కూడా మారింది. ఇదివరకు హోటలంటే ఏసీ చల్లగుందా, బిల్లెంత, అంతే. ఇప్పుడు వండేవాళ్ల చేతులు చూస్తున్నాను. ఏసీ హోటళ్లలో ఆ చేతులు కనిపించవు. హన్మకొండలో తిన్న పనీర్ కూరా హైదరాబాద్‌లో తిన్న పనీర్ కూరా ఒకే డబ్బాలోంచి వచ్చినట్టుంటున్నాయి, ఈ మాటకు ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోండి. సాయంత్రం ఆరు దాటాక రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కొట్టే ఆడవాళ్ల దగ్గర నిలబడితే మాత్రం ఒక క్లాసు విన్నట్టే.

మా ఇంటి దగ్గర ఒకామె ఉంది. నేను ఇంట్లో చేసిన రొట్టె అంచులన్నీ పగిలి దేశపటంలా వస్తుంటే, వెళ్లి అడిగాను. "అక్కా, నీది పగలదెందుకు?" ఆమె నవ్వి, "సారూ, నీళ్లు మసలవెట్టినవా? పిండి ఎప్పటిది?" అంది. రెండు ప్రశ్నల్లో నా తప్పు పట్టేసింది. గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. మసిలే నీళ్లు పోస్తే పిండిలో గంజి పుడుతుంది, ఆ గంజే దాన్ని పట్టి ఉంచుతుంది. నేను చన్నీళ్లు పోస్తున్నాను. పిండేమో నెలన్నర కిందటిది. పాతబడితే ఉన్న ఆ కాస్త జిగటా పోతుందట. ఇప్పుడు రెండు కిలోలకు మించి పట్టించడం లేదు. రొట్టె ఇంకా గుండ్రంగా రాలేదు. పగలడం మాత్రం తగ్గింది.

ఇక హాబీ. కార్యదర్శి గారు నన్ను పిలిచింది దీని కోసమే. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది గానీ మన పాత వరంగల్ జిల్లాదే. అక్కడి నకాషీ బొమ్మలు మీకు తెలుసు. ఎర్రటి నేల మీద కథంతా వరసగా గీసిన పొడవాటి గుడ్డ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు ఆ పటాన్ని విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు. ఒక కళాకారుడి ఇంట్లో రెండు రోజులు కూచుని చూశాను. నన్ను పట్టేసింది బొమ్మ కాదు, గుడ్డను తయారుచేసే తీరు. ఖాదీ గుడ్డకు గంజి, తెల్ల సుద్దమట్టి, జిగురు, ఉడికించిన చింతగింజల ముద్ద కలిపి పూత మీద పూత వేస్తారు. అక్కడే చేసే బొమ్మ ముఖాల మాస్కులకైతే చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలుపుతారు. చింతపండు పులుసుకు, గింజ బొమ్మకు.

ఇంటికొచ్చి చింతగింజలు నానబెట్టి, రుబ్బి, పప్పు వండే గిన్నెలో ఉడికించాను. చెప్పకుండా. రాత్రి అట్లాగే వదిలేసి పడుకున్నాను. పొద్దున అది గిన్నెకు సిమెంటులా పట్టింది. మా ఆవిడ గిన్నెను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగ దీన్ని గోడకు కొట్టుండ్రి, ఇదే మాస్కయితది" అంది. అంతే చేశాను. దానికి కళ్లు, మీసం పెట్టి హాల్లో తగిలించాను. చూసినవాళ్లంతా మా పాత ఆఫీసరులా ఉందంటున్నారు. నాకు ఆ ఉద్దేశం లేదని ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను, ఆయన కూడా వచ్చి రెండో వరసలో కూచున్నారు కాబట్టి.

టైమైందని సైగ చేస్తున్నారు. ఆ మూలన స్టీలు డబ్బాలో సర్వపిండి ఉంది, పొద్దున నేనే చేశాను, పదకొండు. పైనున్నవి బాగా వచ్చాయి. అడుగున మూడున్నాయి, గంజు చల్లారేదాకా ఆగలేక పెట్టినవి. వాటిని మాత్రం నాకు వదిలేయండి.